ట్రే నిండేదాకా ఆగిన శాంపిల్: ఆసుపత్రుల పాలకులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆసుపత్రుల పాలకమండళ్ల సభ్యులకు, సూపరింటెండెంట్లకు, వైద్య సంచాలకులకు,

నమస్కారం.

నేను 22 ఏళ్లుగా అత్యవసర విభాగాల్లో పనిచేస్తున్న నర్సును. అందులో 9 ఏళ్లు ట్రయాజ్ బల్ల దగ్గరే, అంటే వచ్చిన రోగుల్లో ఎవరిని ముందు చూడాలో తీవ్రతను బట్టి తేల్చే చోటే గడిచాయి. వచ్చిన ప్రతి మనిషినీ మొదట చూసేదీ, ‘ఇంకా ఎంతసేపమ్మా’ అనే ప్రశ్నకు మొదట జవాబు చెప్పాల్సిందీ ఆ బల్ల వెనక ఉన్నవాళ్లే. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎన్నడూ సరైన జవాబు లేదు. ‘డాక్టరుగారు వస్తున్నారు’, ‘రిపోర్టు రావాలి’, ‘పైన బెడ్ ఖాళీ కావాలి’ అని చెబుతూ వచ్చాను. డాక్టరు ఎందుకు రాలేకపోయారో, రిపోర్టు ఎక్కడ ఆగిందో, బెడ్ ఎందుకు ఖాళీ కాలేదో కనుక్కుని సరిచేసే అధికారం ట్రయాజ్ బల్లకు లేదు. అది మీకుంది. అందుకే రోగుల ఎదురుచూపును తగ్గించే లీన్ అనే పద్ధతి గురించిన ఈ లేఖను మా విభాగాధిపతికి కాకుండా మీకు రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, అక్కడి నాణ్యతా విభాగం వాళ్లు అడిగితే, ఒక రోజంతా గడియారం పట్టుకుని ఒకే రోగి వెంట నడిచాను. కడుపునొప్పితో వచ్చిన నడివయసు స్త్రీ ఆమె. ఉదయం 10 గంటల 10 నిమిషాలకు తలుపు దాటింది. పావుగంటలో ట్రయాజ్ అయింది, 11:20కి డ్యూటీ డాక్టరు చూశారు, 11:30కి నేనే రక్తం తీశాను. తీసిన శాంపిల్‌ను స్టీలు ట్రేలో పెట్టాను. అప్పటికి ఆ ట్రేలో ఇంకో రెండు శాంపిళ్లే ఉన్నాయి. ల్యాబ్ అవతలి భవనంలో ఉంది. వెళ్లి రావడానికి 12 నిమిషాలు పడుతుంది. ఒక్కొక్క శాంపిల్‌కు ఒక్కొక్కసారి వెళితే, ఇక్కడ స్ట్రెచర్ తోయడానికి మనిషి లేడని వార్డు బాయ్‌కి చీవాట్లు పడతాయి. కాబట్టి ట్రే నిండితే గాని అతను కదలడు. ఆ రోజు ట్రే నిండేసరికి 12:15 అయింది. రిపోర్టు 1:05కి కంప్యూటర్లోకి వచ్చింది గాని, డాక్టరు మరో గదిలో కుట్లు వేస్తూ ఉండటంతో 1:40 దాకా దాన్ని ఎవరూ చూడలేదు. సర్జన్‌కు కబురు పెడితే ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. 3 గంటలకు వచ్చారు. స్కానింగ్ చేయించి, అడ్మిషన్ అని 3:30కి తేల్చారు. వార్డులో బెడ్ దొరికింది రాత్రి 7:45కి.

ఆమె మా విభాగంలో 9 గంటల 35 నిమిషాలు ఉంది. అంతసేపట్లో ఎవరైనా ఆమెను పరీక్షించిన, ఆమెకు ఏదైనా చేసిన సమయమంతా కూడితే గంటా పావు దాటలేదు. మిగిలిన ఎనిమిది గంటల పైచిలుకు ఆమె ఒక పనికీ మరో పనికీ నడుమ పడి ఉంది. ఆ రోజు ఖాళీగా కూర్చున్న మనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు. వార్డు బాయ్, ల్యాబ్ టెక్నీషియన్, డాక్టరు, సర్జన్, నేను అందరం కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతూనే ఉన్నాం. మేమంతా పనిలో ఉన్నాం. ఆమె మాత్రం ఆగిపోయి ఉంది. ఆ సాయంత్రం దాకా, జనం ఎక్కువ కావడం వల్లనే ఆలస్యమవుతోందని నేను కూడా నమ్మేదాన్ని.

ఈ ఆగుళ్లను ఒక్కటొక్కటిగా పట్టుకుని తొలగించే పద్ధతికే లీన్ నిర్వహణ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లోని టొయోటా కార్ల కర్మాగారంలో తైచీ ఓనో అనే ఇంజినీరు, ఆయన సహచరులు ఏళ్ల తరబడి కూర్చుకున్న పని విధానం అది. లీన్ అనే పేరు మాత్రం 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే పరిశోధకుడు పెట్టాడు. ఓనో వృథాను ఏడు రకాలుగా విడదీశాడు. అనవసరంగా ముందే చేసి పెట్టడం, ఎదురుచూపు, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, నిల్వలు పేరుకోవడం, మనుషులు వృథాగా నడవడం, తప్పు చేసి మళ్లీ చేయడం. మా విభాగంలో ఒక్క షిఫ్టు నిలబడితే ఈ ఏడూ కంటికి కనిపిస్తాయి. గడ్డకట్టిన శాంపిల్‌ను మళ్లీ తీయడం, ఒకే జబ్బు చరిత్రను రోగి నలుగురికి నాలుగుసార్లు చెప్పడం, మందుల అల్మారా తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ తిరగడం మా నిత్యకృత్యాలు.

రోగి కారు కాదని మా డాక్టర్లు అంటారు. ఆ మాట నిజమే. ఎదురుచూపంతా వృథా కాదు. గుండెనొప్పితో వచ్చిన మనిషికి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి చేయాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ని కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి. ఆ నిరీక్షణ వైద్యంలో భాగమే, దాన్ని ముట్టుకోమని నేను అడగను. శాంపిల్ ట్రేలో గడిపిన ముప్పావుగంట మాత్రం ఎవరి వైద్యంలోనూ భాగం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడంతోనే లీన్ మొదలవుతుంది. వేరుచేయగలిగేది కూడా రోజూ ఆ పని చేసేవాళ్లే గాని బయటి నుంచి వచ్చిన సలహాదారులు కాదు.

పరుగెత్తకుండా సమయాన్ని తగ్గించవచ్చని నన్ను నమ్మించింది ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ ఆసుపత్రి అనుభవం. పక్షవాతం వచ్చిన మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు (నాడీకణాలు) నశిస్తాయని అంచనా. రక్తపు గడ్డను కరిగించే మందు ఎంత త్వరగా ఎక్కితే అంత మేలు. ఆ ఆసుపత్రిలో 1998లో రోగి తలుపు దాటిన దగ్గర నుంచి మందు ఎక్కేవరకు పట్టే మధ్యస్థ సమయం 105 నిమిషాలు. 2011 నాటికి అది 20 నిమిషాలకు దిగింది. అక్కడ ఎవరూ సూది వేగంగా గుచ్చలేదు. అంబులెన్స్ బయలుదేరగానే ఆసుపత్రికి ఫోన్ వచ్చేలా చేశారు. రోగి దారిలో ఉండగానే పాత రికార్డులు తీసి, పరీక్షలు రాసి ఉంచారు. అంబులెన్స్ స్ట్రెచర్ మీదే నేరుగా సీటీ గదికి తీసుకెళ్లి, మందును అక్కడే, స్కాన్ బల్ల మీదే మొదలుపెట్టారు. తలుపు దాటాక ఒకదాని వెనక ఒకటిగా జరిగే పనులను తలుపుకు ముందుకు జరిపారు, కొన్నింటిని పక్కపక్కనే నడిపించారు. ఇది ఒక్క రోజులో వచ్చిన ఫలితం కూడా కాదు. 13 ఏళ్ల పాటు ఒక మార్పు చేసి, కొలిచి, మరొకటి చేస్తూ వచ్చారు.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో ఫ్లిండర్స్ వైద్య కేంద్రం 2003లో మరో దారిలో వెళ్లింది. అప్పటిదాకా వాళ్లూ అందరిలాగే ట్రయాజ్‌లో ఇచ్చిన వర్గం అంకె ప్రకారం రోగులను చూసేవాళ్లు; అంకె ఎంత చిన్నదైతే అంత అత్యవసరం. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. నాలుగో వర్గంలో ఉన్న రోగి ముందుకొచ్చేలోపు మూడో వర్గం వాళ్లు ఇంకో ఇద్దరు వస్తారు, అతను మళ్లీ వెనక్కి పోతాడు. క్యూలో అందరికన్నా ముందు వచ్చినవాడు అందరికన్నా చివర బయటపడతాడు, లేదా విసిగిపోయి చూపించుకోకుండానే వెళ్లిపోతాడు. ఫ్లిండర్స్ వాళ్లు తమ రోగుల ప్రయాణాన్ని గీసుకుని చూసి, ప్రాణాపాయంలో ఉన్నవారిని వెంటనే లోపలికి తీసుకుంటూ, మిగిలినవారిని రెండు పాయలుగా విడదీశారు. చూశాక ఇంటికి వెళ్లే అవకాశం ఉన్నవారు ఒక పాయ, అడ్మిట్ అయ్యే అవకాశం ఉన్నవారు మరో పాయ. ఒక్కో పాయకు విడిగా డాక్టర్లు, నర్సులు. పాయ లోపల వచ్చిన వరుసలోనే చూడటం. విభాగంలో గడిపే సమయమూ తగ్గింది, చూపించుకోకుండా వెళ్లిపోయేవాళ్లూ తగ్గారు. ఎవరు ఇంటికి వెళతారో, ఎవరు పైకి వెళతారో అనుభవం ఉన్న ట్రయాజ్ నర్సు చాలావరకు మొదటి చూపులోనే చెప్పగలదు. ఆ అంచనా మా దగ్గర ఎప్పుడూ ఉంది. దాన్ని వాడుకునే ఏర్పాటే లేదు.

విభాగం లోపల చేయగలిగిన చిన్న మార్పులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి మీ సంతకం కూడా అక్కర్లేదు. కాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం), సిరంజి, శాంపిల్ గొట్టాలు, టేపు ఒకే ట్రేలో సర్ది ప్రతి బెడ్ పక్కన పెట్టడం, ఒక డబ్బా ఖాళీ కాగానే రెండో డబ్బాలోంచి తీసుకుంటూ ఖాళీ డబ్బానే కొత్త సరుకుకు ఆర్డరుగా పంపడం, రిపోర్టు రాగానే డాక్టరు కంటపడేలా బోర్డు మీద గుర్తు పెట్టడం వంటివి మేమే చేసుకోగలం. చేశాం కూడా. శాంపిళ్లను ట్రే నిండేదాకా ఉంచకుండా నిర్ణీత వేళల్లో పంపాలని మేం పట్టుబట్టాక ఆ ముప్పావుగంట పావుగంట అయింది.

అయితే ఆ స్త్రీ ప్రయాణంలో అన్నిటికన్నా పొడవైన ఆగుడు, మధ్యాహ్నం 3:30 నుంచి రాత్రి 7:45 వరకు, మా విభాగం చేతుల్లో లేదు. అడ్మిషన్ నిర్ణయం అయిపోయింది, వైద్యం ఏమిటో తేలిపోయింది, పైకి వెళ్లడానికి బెడ్ లేదు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ నాలుగుంపావు గంటలే.

ఆ బెడ్ ఎందుకు ఖాళీ కాలేదో మర్నాడు నేను వార్డుకు వెళ్లి అడిగాను. ఆ బెడ్ మీదున్న రోగిని ఇంటికి పంపవచ్చని ఉదయం 10 గంటల రౌండ్స్‌లోనే డాక్టరు చెప్పారు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన జూనియర్ డాక్టరు రౌండ్స్ ముగిసేదాకా రాయలేదు, తర్వాత ఓపీకి వెళ్లాల్సి వచ్చింది. సమ్మరీ మధ్యాహ్నం 2 గంటలకు తయారైంది. మందులు, బిల్లు తేలేసరికి 4:30. తీసుకెళ్లాల్సిన కొడుకు ఉద్యోగం నుంచి వచ్చేసరికి 6. బెడ్ శుభ్రం చేసే మనిషి షిఫ్టు మారే వేళ అది. 7:30కి గాని బెడ్ సిద్ధం కాలేదు. ఇంటికి వెళ్లవచ్చన్న రోగి పైన ఎనిమిది గంటలు ఎదురుచూశాడు, ఆ బెడ్ కోసం కింద మరో రోగి ఎదురుచూసింది. ఆ ఇద్దరి నిరీక్షణ ఒకటేనని అప్పుడు నాకు అర్థమైంది. పైనున్నవాళ్లకు కింద స్ట్రెచర్ మీదున్న మనిషి కనిపించదు. కిందున్న మాకు పైన ఆగిపోయిన కాగితం కనిపించదు. ఈ రెండూ కలిసి కనిపించే చోట కూర్చున్నది మీరొక్కరే.

అత్యవసర విభాగానికి వచ్చేవాళ్లు ఎప్పుడు వస్తారో తెలియదని, అందుకే ఏమీ చేయలేమని చెప్పడం పరిపాటి. నిజానికి ఏ వారం ఏ వేళ ఎంతమంది వస్తారన్నది పాత రిజిస్టర్లు తిరగేస్తే దాదాపుగా తెలిసిపోతుంది. ఉదయం పొద్దెక్కేకొద్దీ రద్దీ పెరుగుతుంది; వార్డుల్లో బెడ్లు సాయంత్రానికి గాని ఖాళీ కావు. ఆ రెండు వేళల మధ్య దూరమే మా వరండాలో స్ట్రెచర్ల వరుసగా కనిపిస్తుంది. పైగా ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లను వారంలో రెండు మూడు రోజులకు కుదిస్తే, ఆ రోజుల్లో బెడ్ల కొరత మనం చేతులారా తెచ్చుకున్నదే అవుతుంది. బెడ్లు సగటున 85 శాతం దాటి నిండి ఉంటే అత్యవసర అడ్మిషన్లకు చోటు దొరకని పరిస్థితి తలెత్తుతుందని, 90 దాటితే తరచూ సంక్షోభమేనని 1999లోనే ఇంగ్లండ్ పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. బెడ్లన్నీ నిండి ఉండటాన్ని ఆసుపత్రి బాగా నడుస్తోందనడానికి గుర్తుగా సమావేశాల్లో చెప్పుకోవడం నేను విన్నాను. ఆ లెక్కను దయచేసి మరోసారి చూడండి.

ఈ ఆలస్యానికి ప్రాణాలతో మూల్యం చెల్లిస్తున్నాం. ఇంగ్లండ్‌లో 2016-18 మధ్య అత్యవసర విభాగాల నుంచి అడ్మిట్ అయినవారి రికార్డులు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వచ్చినప్పటి నుంచి 6 నుంచి 8 గంటలు దాటాక గాని వార్డు బెడ్‌కు చేరని ప్రతి 82 మందికి, 30 రోజుల్లో ఒక మరణం అదనంగా నమోదైంది. ఈ అంకెను చదివిన రోజు నుంచి వరండాలో స్ట్రెచర్లు లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.

లక్ష్యం పెట్టేస్తే సరిపోతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇంగ్లండ్ 2004 నాటికి 98 శాతం మంది రోగులు 4 గంటల్లోపు అత్యవసర విభాగం నుంచి బయటపడాలని లక్ష్యం పెట్టుకుంది. 2010లో దాన్ని 95 శాతానికి తగ్గించింది. ఆ లక్ష్యం వల్ల మేలు జరగలేదని నేను అనను. దేశం మొత్తం దృష్టి ఆ నిరీక్షణ మీద పడింది. అయితే 4 గంటల గడువుకు ముందు చివరి నిమిషాల్లో రోగులు ఒక్కసారిగా బయటికి వెళ్లడం గణాంకాల్లో స్పష్టంగా కనిపించింది. గడియారానికి భయపడి చేసే పని అలాగే ఉంటుంది. పని విధానాన్ని మార్చకుండా గడువు మాత్రమే పెడితే, ఆ ఒత్తిడంతా చివరికి ట్రయాజ్ బల్ల మీదికే దిగుతుంది. కొలవండి, తప్పకుండా కొలవండి. కానీ మా విభాగపు నిమిషాలతో పాటు ల్యాబ్ నిమిషాలనూ, కబురు అందాక స్పెషలిస్టు రావడానికి పట్టే నిమిషాలనూ, డిశ్చార్జ్ మాట వచ్చినప్పటి నుంచి బెడ్ సిద్ధమయ్యేవరకు పట్టే నిమిషాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టండి.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. లీన్ అంటే బక్కచిక్కడం అనే అర్థం ఉంది కాబట్టి, ఆ పేరు వినగానే సిబ్బంది మనుషులను తీసేస్తారేమోనని హడలిపోతారు. కొన్నిచోట్ల ఆ భయం నిజమైంది కూడా. లీన్ వల్ల ఆదా అయిన సమయాన్ని సిబ్బంది కోతకు వాడుకుంటే మొత్తం పథకమే కూలిపోతుంది, దీనికి లెక్క ఉంది. ఒకే డాక్టరు, ఒక్కో రోగికి సగటున 15 నిమిషాలు, రోగుల రాకకూ చూసే సమయానికీ ఒక నిలకడ ఉండదు అనుకుందాం. క్యూల గణితంలో అతి సరళమైన నమూనా ప్రకారం ఆ డాక్టరు 80 శాతం సమయం పనిలో ఉంటే రోగి సగటున 60 నిమిషాలు ఎదురుచూస్తాడు. 90 శాతమైతే 135 నిమిషాలు. 95 శాతమైతే 285 నిమిషాలు. పని పెరిగేది కొంచెమే, నిరీక్షణ పెరిగేది ఇన్ని రెట్లు. కాబట్టి అత్యవసర విభాగంలో ఒక డాక్టరో నర్సో కాసేపు ఖాళీగా కనిపిస్తే అది వృథా అనుకోకండి; తర్వాత వచ్చే అంబులెన్స్ కోసం ఉంచుకున్న చోటు అది. లీన్ వల్ల ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. 15 అత్యవసర విభాగాల లీన్ అనుభవాలను పరిశీలించి 2011లో వెలువడిన ఒక సమీక్షలో, రోగుల విషయంలో ఫలితాలు చాలావరకు అనుకూలంగానే ఉన్నా, సిబ్బందిపై దాని ప్రభావాన్ని సరిగా నమోదు చేసినవారు తక్కువని తేలింది. మన దగ్గర ఆ లోపం జరగకూడదు.

సమయాన్ని తగ్గిస్తే చోటు తనంతట తానే వస్తుందన్నది కూడా లెక్కే. ఒక చోట ఉండే మనుషుల సంఖ్య, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను వాళ్లు ఉండే గంటలతో హెచ్చవేసినంత అని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. గంటకు 6 మంది వస్తూ ఒక్కొక్కరు 5 గంటలు ఉంటే విభాగంలో ఎప్పుడూ 30 మంది ఉంటారు; 4 గంటలే ఉంటే 24 మంది. కొత్త గది కట్టకుండానే ఆరు బెడ్లు చేతికొచ్చాయి.

మిమ్మల్ని నేను కోరేది కొత్త సాఫ్ట్‌వేరూ, కొత్త భవనమూ కాదు. మర్నాడు ఇంటికి వెళ్లదగిన రోగులెవరో ముందురోజు సాయంత్రమే గుర్తించి, వారి సమ్మరీ, మందులు, బిల్లు ఆ సాయంత్రమే మొదలుపెట్టాలని, బంధువులకు కూడా అప్పుడే చెప్పాలని ఆదేశించండి. రౌండ్స్‌లో ప్రాణాపాయంలో ఉన్నవారి తర్వాత ఇంటికి వెళ్లేవారిని చూడమనండి. అడ్మిషన్ నిర్ణయమయ్యాక రోగి కింద ఎంతసేపు ఉన్నాడన్న లెక్కకు వార్డులను కూడా బాధ్యులను చేయండి. కింద వరండా నిండిపోయినప్పుడు, అడ్మిట్ అయిన రోగులను ఒక్కొక్క వార్డు ఒక్కొక్కరిని చొప్పున పంచుకునే పద్ధతి అమెరికాలో స్టోనీ బ్రూక్ ఆసుపత్రి 2001 నుంచి నడిపింది. అలాంటి ఏర్పాటు గురించి వార్డు ఇన్‌ఛార్జి నర్సులతో కూర్చుని మాట్లాడండి. వాళ్ల అభ్యంతరాలు కూడా వినదగినవే. శాంపిల్ ట్రేను నిర్ణీత వేళకు కదిలించడానికి ఒక మనిషిని కేటాయించండి. పని చేసేవాళ్లు వారానికి ఒక గంట కూర్చుని, ఆ వారం ఏ ఆగుడును తీసేశామో, ఏది తీయలేకపోయామో మాట్లాడుకునే సమయాన్ని డ్యూటీలోనే లెక్కగట్టండి. డ్యూటీ దిగాక ఉండి మాట్లాడమంటే ఎవరూ ఉండరు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు.

అన్నిటికంటే ముందు ఒక్కసారి మీరు కిందికి రండి. తైచీ ఓనో కర్మాగారం నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, కొత్త మేనేజర్లను అందులో గంటల తరబడి నిలబెట్టి ఏం కనిపించిందో చెప్పమనేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. 2002లో అమెరికాలోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి నాయకులు తమ గదులు వదిలి జపాన్ కర్మాగారాల దాకా వెళ్లి, చూసి, నేర్చుకుని వచ్చారు. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఏదో ఒక సోమవారం ఉదయం 10 గంటలకు, పరివారం లేకుండా, ముందుగా చెప్పకుండా ట్రయాజ్ బల్ల దగ్గరికి రండి. గడియారం, ఒక తెల్లకాగితం, పెన్ను నేనిస్తాను. అప్పుడే తలుపు దాటిన ఒక రోగిని ఎంచుకుని, ఆ మనిషి ఇంటికి వెళ్లేదాకానో, వార్డులో బెడ్ మీద పడుకునేదాకానో వెంట నడవండి. ఎవరినీ ఏమీ అడగవద్దు, ఎవరినీ తొందరపెట్టవద్దు. ఆగిన ప్రతిసారీ ఎంతసేపు ఆగారో, దేనికోసం ఆగారో రాసుకోండి. సాయంత్రం ఆ కాగితాన్ని పాలకమండలి సమావేశంలో బల్ల మీద పెట్టండి. ఆ సమావేశానికి వార్డు బాయ్‌ని కూడా పిలవండి. ట్రే సంగతి అతనికే బాగా తెలుసు.

ఇట్లు,
అత్యవసర విభాగంలో పనిచేస్తున్న ఒక సీనియర్ నర్సు